పప్పుకు ఉంచిన బిందె

మా అత్తమ్మ పోయిన నెల చనిపోయింది. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఛాతీ పట్టుకుని కూర్చుంది. హుజూర్‌నగర్ దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. చూడటానికి వచ్చినవాళ్లు మంచి చావు అన్నారు. అందులో మంచి ఏముందో నాకు తెలియలేదు. ఆమె లేని ఇంట్లో ఉండటం నాకు చేతకావడం లేదు.

మాది మేళ్లచెరువు పక్క ఊరు. కింద అంతా సున్నపురాయి, పైన సిమెంటు ఫ్యాక్టరీలు. బోరు నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి, ఆరితే గిన్నె మీద తెల్లటి పొర. సబ్బు నురగ రాదు. నల్లా మూతులు మూసుకుపోతాయి. నీళ్లు కాగబెట్టే రాడ్డుకు సున్నం పెంకులా పేరుకుంటుంది. "తడిగున్నప్పుడు అన్ని నీళ్లు మంచిగనే కనపడ్తయి బిడ్డా, ఆరినంక సూడు" అనేది అత్తమ్మ. కొత్తగా వచ్చిన పెళ్లి సంబంధాల గురించి కూడా ఇదే మాట చెప్పేది.

ఆమె రోజంతా ఆ తెలుపుతో కొట్లాడేది. చారు కాచాక మిగిలిన చింతపండు పిప్పిని పారేయనిచ్చేది కాదు. దాంతోనే బిందెలు, నల్లాలు, బకెట్లు రుద్దేది. రాడ్డును చెంచాతో గోకితే పెచ్చులు రాలేవి. వాటిని కొంగులో పోసుకొచ్చి మా ఆయనకు చూపించి, "ఊరంత సిమెంటు కొంటాంది, మనకు ఉత్తగనే వస్తాంది" అనేది. మేం నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు. తెల్లారేసరికి అన్నీ మళ్లీ తెల్లగా అయ్యేవి. ఆ కొట్లాటలో ఆమె ఒక్కరోజు కూడా గెలవలేదు.

నేను నందికొండలో కృష్ణ డ్యాం నీళ్లతో పెరిగినదాన్ని. పెళ్లై వచ్చిన కొత్తలో ఇక్కడి నీళ్లతో తలస్నానం చేస్తే జుట్టు చీపురుకట్టలా అయింది. దువ్వెన దిగక పెరట్లో కూర్చుని ఏడ్చాను. అప్పుడప్పుడే ఊరికి కృష్ణ నీళ్ల నల్లా వచ్చింది. మా వీధి మిట్ట మీద కాబట్టి సన్నటి ధార, అదీ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. ఆ నీళ్లను అత్తమ్మ ఇత్తడి బిందెలో పట్టి, మూత పెట్టి, పప్పుకు మాత్రమే వాడేది. బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, ఆమెకేమో మెత్తటి పప్పు లేనిదే ముద్ద దిగదు. ఆ బిందె మీద చెయ్యేస్తే కన్నకొడుకైనా సరే ఊరుకునేది కాదు. ఆ రోజు మాత్రం అదే బిందె ఎత్తుకొచ్చి నా నెత్తిన కుమ్మరించింది.

"మీ తల్లిగారి దిక్కు నీళ్లేనే, పోసుకో. ఇయ్యాల పప్పు లేకుంటే సస్తమా?" అంది. ఆ పూట అందరం పచ్చిపులుసుతో తిన్నాం. నన్ను అంతగా చూసుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

తర్వాతెప్పుడో, తినే సోడా కొంచెం వేస్తే బోరు నీళ్లలోనూ ఉడుకుతుంది కదా అన్నాను. "మెత్తగైతది గని, పప్పు లెక్క ఉండది" అని కొట్టిపారేసింది.

ఆమెను తీసుకుపోయాక, చావు జరిగిన ఇంట్లో నీళ్లు నిలవ ఉండకూడదని పెద్దవాళ్లు ఉన్నవన్నీ పారబోశారు. పప్పు బిందెను కూడా వాకిట్లో ఒంపేశారు. పద్ధతి అది, ఎవరినీ అనడానికి లేదు. ఆ తర్వాత నల్లా రాలేదు. తెప్పించిన క్యాన్ల నీళ్లు చుట్టాల దాహానికే సరిపోయాయి.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే వాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు, అది తీరుస్తామని మొక్కాలి. "అమ్మకు పప్పు లేకుంటె ఎట్ల వదినె?" అంది మా ఆడబిడ్డ. వేరే దారి లేక బోరు నీళ్లతోనే ఎసరు పెట్టాను. పొద్దెక్కేదాకా ఉడికించాను. "జర సోడా ఎయ్యి వదినె, ఆలస్యమైతాంది" అంది. నాకు చెయ్యి రాలేదు.

పొలం గట్టు మీద విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు తుమ్మచెట్టు మీదే ఉన్నాయి. మా ఆయన చేతులు జోడించి, "అమ్మా, చెల్లెను మంచిగ చూసుకుంట, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆడబిడ్డ "అన్నతోని లొల్లి పెట్టుకోనమ్మా" అంది. ఎవరి మనసులో ఉన్న బెంగను బట్టి వాళ్లు మొక్కారు. ఒక కాకి దిగి, విస్తరి చుట్టూ తిరిగి, ముట్టకుండానే ఎగిరిపోయింది.

ఏం మొక్కాలో నాకు తెలుసు. ఇకనుంచి మంచినీళ్లతో వండుతానత్తమ్మా అనాలి. కానీ నల్లా రావడం నా చేతిలో ఉందా? చనిపోయిన మనిషికి అబద్ధం ఎట్లా చెప్పను? నేను మాత్రం మొక్కలేదు.

ఎండ నెత్తికెక్కింది. "ఇగ రాదు గని, ఆవుకు పెట్టుర్రి" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ తలలు దించుకుని కదిలారు. విస్తరి ఎత్తడానికి నేనే వంగాను. నీరంతా అన్నంలోకి ఇంకిపోయి, పప్పుబద్దలు దేనికవి విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పెట్టి నొక్కాను. ఎంత నొక్కినా నలగలేదు.