దెయ్యం కాబట్టి అనకూడదు

కుళాయి దగ్గర ఆదిలక్ష్మమ్మ పెట్టిన షరతు ఒకటే. "దెయ్యం కాబట్టి సేసింది అనకూడదు. ఎందుకు సేసిందో సెప్పాలి."

గాజువాక వెనకాల అచ్యుతరామయ్యగారి లైనులో పది వాటాలు, పదింటికీ కలిపి ఒకే కుళాయి. తెల్లవారుజామున ఐదింటికి నీళ్లొచ్చి ఆరింటికి ఆగిపోతాయి. బిందెలు వరసలో పెట్టుకుని ఆడవాళ్లు నిలబడే ఆ గంటలో నాలుగేళ్లుగా నడుస్తున్న చర్చ 'గంధంవారి మేడ' గురించే. ప్రతి గురువారం సాయంత్రం ఏడున్నరకి టీవీలో వచ్చే సీరియల్ అది. నూతిలో పడి చనిపోయిన మాలతి అనే కోడలు దెయ్యమై ఆ మేడలో తిరుగుతూ ఉంటుంది. ఆ ఇంట పుట్టిన పసిబిడ్డ ఒక్కరూ బతకరు. గురువారం చూసింది శుక్రవారం తెల్లారేసరికి కుళాయి దగ్గర తేలిపోవాలి.

"మొగుడి గది తలుపు తీసీసి, మాలతి నోపలికెల్లనేదు. గడప కాడే నిలబడిపోనాది. ఎందుకంటావప్పా?" అని అడిగేది పోతమ్మ. ఆమె బజార్లో ఎండుచేపలు అమ్ముతుంది. గొంతు మూడు వీధులకి వినబడుతుంది.

"గడపకి పసుపు రాసుంది కదే" అనేది వెనక నుంచి ఇంకొకామె.

"అదీ దెయ్యం కారణమే. సెల్లదు" అనేది ఆదిలక్ష్మమ్మ. "మంచం మీద కొత్త పెళ్లాం పడుకునుంది. ఆ గుంట కాళ్లకి పారాణి ఇంకా ఆరనేదు. మాలతికి తన పెళ్లి గేపకమొచ్చింది. కాళ్లు ఆడనేదు."

బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆదిలక్ష్మమ్మకి అప్పటికి యాభై దాటాయి. చీరలకి ఫాల్ కుట్టి, జాకెట్లకి హుక్సులు వేసి బతికేది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో చోడవరం పక్క పల్లె నుంచి భర్త అప్పలసూరితో వచ్చింది. ఫ్యాక్టరీ పొయ్యి వెలిగిన ఏడాదే అప్పలసూరి సింధియా వైపు ఉండే ఒకామెతో వెళ్లిపోయాడు. "ఆడికేటి తెల్సు పాపం, మందెట్టీసింది ఆ ముండ" అని లైనంతా ఓదార్చింది. ఆదిలక్ష్మమ్మకి ఆ ఓదార్పు సయించలేదు. పద్నాలుగేళ్లు తనతో కాపురం చేసిన మనిషికి, మంచిదో చెడ్డదో, తనదంటూ ఒక కారణం ఉండదా? ఒకరోజు బస్సెక్కి వెళ్లి అతన్నే అడిగింది. అతను చెప్పాడు. ఏం చెప్పాడో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కానీ తిరిగి వచ్చాక మందు మాట ఎవరెత్తినా ఆ చోటు నుంచి లేచి వెళ్లిపోయేది.

రెండువేల నాలుగు వానాకాలంలో, ఒక శుక్రవారం, ఆవిడ కుళాయి దగ్గర పెద్ద మాటే అంది. మేడలో పిల్లల్ని చంపుతున్నది మాలతి దెయ్యం కాదట. పెద్దత్త అట. పెద్దత్త అంటే ఆ మేడలో వంటింటి పట్టున పడి ఉండే, పిల్లలు లేని విధవరాలు. అప్పటిదాకా ఎవరూ ఆమెను లెక్కలోకే తీసుకోలేదు.

"అమాసకి అమాసకి దొడ్లో బుడ్డిదీపం ఎవరు ఎలిగిత్తన్నారు? తూములో ఎర్రనీళ్లు ఎవరు పారబోత్తన్నారు? అందరికీ వండెట్టి ఒక్కరి బంతిలోనూ కూకోని మనిషి. ఎవరూ పిలవని మనిషి కడుపులో ఏటుంటాదో ఆలోసించండి" అంది ఆదిలక్ష్మమ్మ.

ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. రెండు వారాలు తిరగకముందే ఆ మాట టీవీలోంచి బయటికి నడిచొచ్చింది.

నాలుగో వాటాలో శ్రీసత్య కూతురు బుజ్జికి జ్వరం పట్టుకుంది. మూడేళ్ల పిల్ల. రోజు విడిచి రోజు మధ్యాహ్నం వణుకు మొదలయ్యేది, సాయంత్రానికి ఒళ్లు పెనంలా కాలేది. సందు చివర డాక్టరు రెండు ఇంజెక్షన్లు చేశాడు, తగ్గలేదు. "రక్తం సూపించండే" అని ఆదిలక్ష్మమ్మ రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పబోతే శ్రీసత్య ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ వారకి లాగింది.

"పిన్నీ, నువ్వు సెప్పిందే నిజం. నిన్న పొద్దుగూకినాక సూసాను. దీపం ఎట్టుకుని దొడ్లో కూకుంది. నిమ్మకాయలు. తూములో ఎర్రనీళ్లు."

"ఎవరే?"

"పదో వాటా అసిరమ్మ."

అసిరమ్మ కాలవ పక్కన చివరి గదిలో ఒంటరిగా ఉండే మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. తెల్లారకుండా బస్సెక్కి సింహాచలం వెళ్తుంది. కొండ కింద కొబ్బరికాయల కొట్ల ముందు ఊడ్చి, చీకటి పడ్డాక వస్తుంది. సీరియల్ చూడదు, కుళాయి దగ్గర మాట కలపదు. ఆమె బిందె ముందు రాత్రే వరసలో పెట్టి ఉంటుంది. ఎవరో ఒకరు నింపి గుమ్మంలో పెడతారు. ఆదివారాలు నిమ్మకాయ పచ్చడి సీసాల్లో పెట్టి లైనులో అమ్ముతుంది. ఆ రుచి ఎవరికీ రాదు.

ఆదిలక్ష్మమ్మని ఆ రోజంతా ఒకటే తొలిచింది. 'ఎవరూ పిలవని మనిషి' అన్నప్పుడు తన కళ్ల ముందు మెదిలిన ముఖం ఎవరిది? టీవీలో పెద్దత్తదా, అసిరమ్మదా?

బుధవారానికి శ్రీసత్య మొగుడు ఎల్లాజీ తేల్చేశాడు. పోర్టులో కలాసీ, మాట కన్నా చెయ్యి ముందుంటుంది. అసిరమ్మ శుక్రవారం పొద్దున్నే గది ఖాళీ చెయ్యాలి, లేదంటే సామాను కాలవలో ఉంటుంది. ఇంటి ఓనరు అచ్యుతరామయ్యగారిని కూడా గురువారం సాయంత్రం రమ్మన్నాడు. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో గుమాస్తాగా రిటైరైన మనిషి. గొడవంటే భయం.

గురువారం ఆయన ఏడింటికే స్కూటరు దిగారు. "ఏంటయ్యా ఇదంతా? నాకు లేనిపోని గొడవలొద్దు. పదిమందీ ఏమంటే అదే."

"సీరియల్ అయిపోనీండి బాబూ. అప్పటికి అది కూడా బస్సు దిగుద్ది" అన్నాడు ఎల్లాజీ.

ఆదిలక్ష్మమ్మ గదిలో కలర్ టీవీ ముందు చాప నిండిపోయింది. ఎప్పుడూ రాని మగవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. శ్రీసత్య ఒళ్లో బుజ్జి దుప్పట్లో వణుకుతోంది. నాలుగేళ్లలో మొదటిసారి ఆదిలక్ష్మమ్మ తన మాట తప్పు కావాలని కోరుకుంది. మాలతే కావాలి. నూతి దెయ్యమే కావాలి.

తెర మీద మేడ పెరడు. బుడ్డిదీపం. వీపు మాత్రమే కనబడుతున్న ఒక ఆడది నిమ్మకాయలు కోస్తోంది. కుంకం కలిసిన నీళ్లు తూములోకి జారాయి. ఆమె మెల్లగా తల తిప్పింది. పెద్దత్త.

అందరూ తెర వైపు కాదు, ఆదిలక్ష్మమ్మ వైపు చూశారు.

"అచ్చు నువ్వు సెప్పినట్టే, పిన్నీ" అంది శ్రీసత్య, ఏడుపు గొంతుతో.

ఎల్లాజీ అప్పటికే బయటికి నడిచాడు.

అసిరమ్మ అప్పుడే వచ్చి చేతిసంచితో గుమ్మం ముందు నిలబడింది. లైనంతా తన వైపు రావడం చూసి సంచిని గుండెలకి హత్తుకుంది. ఎల్లాజీ ఆ సంచి లాగేలోగా ఆదిలక్ష్మమ్మ మధ్యలోకి వచ్చేసింది. పరిగెత్తినట్టుంది, ఆయాసపడుతోంది.

"తప్పుకో అత్తా. నువ్వే కదా కనిపెట్టావు!"

"నాను కనిపెట్టింది టీవీలో దాన్ని. ఈ మనిషి గురించి సెప్పాలంటే షరతుంది. పోతమ్మా, ఎందుకు సేసింది? నువ్వు సెప్పు."

పోతమ్మ తడబడింది. "పిల్లల్నేరు కదప్పా. కడుపుమంట."

"బుజ్జి పుట్టినప్పుడు పదకొండు రోజులు బాలింత గుడ్డలు ఉతికిందెవరు? శ్రీసత్యని అడుగు. కడుపుమంట ఏ రోజు సూసావు? ఏ గురువారం?"

శ్రీసత్య తల దించుకుంది. అసిరమ్మ బుజ్జిని ఓరకంట చూసిందని గానీ, దిష్టి మాట అందని గానీ చెప్పినవాళ్లు లేరు.

"మరి నిమ్మకాయలేటి? ఎర్రనీళ్లేటి? సెప్పు!" అని అరిచాడు ఎల్లాజీ.

"నాకు తెల్దు" అంది ఆదిలక్ష్మమ్మ.

ఆ మాట ఆవిడ నోట లైను ఎప్పుడూ వినలేదు. జనంలో సణుగుడు పెరిగింది.

"తెలిసిన మనిషి ఇక్కడే ఉంది. మాలతి ఏది ఎందుకు సేసిందో నాలుగేళ్లు కొట్టుకున్నాం. పదో వాటా మనిషిని ఒక్కరైనా అడిగారేటి?" ఆవిడ వెనక్కి తిరిగింది. "అసిరీ, దొడ్లో ఏటి సేత్తన్నావ్?"

అసిరమ్మ కళ్లు నేల మీదే ఉన్నాయి. "నాను సెప్పను. పొద్దున్నే ఎల్లిపోతాను బాబూ."

"సూసావా!" అన్నాడు ఎల్లాజీ.

"ఎల్లిపోతే సేసావనే మిగుల్తాది" అంది ఆదిలక్ష్మమ్మ. "అందరికీ వొద్దు, నాకు సెప్పు."

అసిరమ్మ గదిలోకి వెళ్లింది. పచ్చడి జాడీ తెచ్చి గడప మీద పెట్టి, చేతిసంచి తిరగేసి కాయలు కింద దొర్లించింది. నిమ్మకాయలు. ప్రతిదానికీ కుంకం బొట్లు.

"కొండ కింద కొత్త బళ్లకి పూజ సేయిత్తారు. సక్రాల కింద కాయలెడతారు. కొన్ని నలక్కుండా జారిపోతాయి. ఎవరూ ముట్టుకోరు, నాను ఊడ్సి పారీయాలి." ఆమె గొంతు వినబడీ వినబడనట్టుంది. "మంచి కాయలు. పారీయబుద్ధి కానేదు. కుంకం తూములోకి కడిగీసి, పచ్చడెట్టి మీకమ్ముతన్నాను. దొడ్లో లైటు నేదు, అందుకే దీపం."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు పోతమ్మకే తట్టింది. "ఓలమ్మ! రెండేళ్ల బట్టీ మనం తింతన్నదా!"

నలుగురు నవ్వేవారే. కానీ శ్రీసత్య కేకకి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. "మా బుజ్జి తిన్నాది! రోజూ అన్నంలోకి అదే! దిష్టి కాయ తిన్నాది నా గుంట!"

ఎల్లాజీ ముఖం నల్లబడిపోయింది. జాడీ ఎత్తాడు. అది జాడీని బద్దలు కొట్టడానికో, అసిరమ్మ మీద వెయ్యడానికో అతనికే తెలియదు. అచ్యుతరామయ్యగారు "వద్దయ్యా, వద్దు" అంటూ రెండడుగులు వెనక్కి వేశారు.

ఆదిలక్ష్మమ్మ ఆ జాడీలో చెయ్యి పెట్టింది. పిడికెడు ముక్కలు తీసి నోట్లో పెట్టుకుంది. అన్నం లేదు, నీళ్లు లేవు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నమిలి మింగింది. ఇంకో పిడికెడు తీసింది.

"రేపు ఐదింటికి నాను కుళాయి కాడికి రాపోతే అసిరిని ఎల్లగొట్టు" అంది, దగ్గుతూ. "వొత్తే మాత్రం గుంటని పెద్దాసుపత్రికి ఎత్తుకెల్లు. రక్తం సూపించు."

ఎల్లాజీ జాడీ దించాడు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

ఆవిడ ధైర్యం గుమ్మం దాకానే. తలుపేసుకున్నాక ఛాతీలో మంట మొదలైంది. మంట ఉప్పుదా, కారందా, ఇంకేదన్నానా? మందు మాట నమ్మనని పద్నాలుగేళ్లుగా చెబుతున్న మనిషి, చీకట్లో పడుకుని తన ఊపిరి తానే లెక్కపెట్టుకుంది.

ఐదింటికి కుళాయి బుసకొట్టింది. పోతమ్మ వచ్చింది, శ్రీసత్య వచ్చింది. ఎల్లాజీ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. వరసలో ఆదిలక్ష్మమ్మ బిందె లేదు. రెండు బిందెలు నిండాయి, మూడోది నిండింది. నిండిన బిందె తీసి ఖాళీది పెట్టడం కూడా మర్చిపోయారు. ఎల్లాజీ గోడ వదిలి పదో వాటా వైపు కదిలాడు.

అటు నుంచే ఆదిలక్ష్మమ్మ వస్తోంది. ఒక చంకలో బిందె, రెండో చేత్తో అసిరమ్మ చెయ్యి. అసిరమ్మ రానని వెనక్కి గుంజుకుంటోంది.

"ఆలీసమైపోనాది" అంది ఆదిలక్ష్మమ్మ. "ఇది తలుపు తీనేదు. బతికున్నానని సెప్పడానికి అరగంట పట్టింది." ఆవిడ ముఖం వాడిపోయి ఉంది. "ఎల్లాజీ, ఇంకా నిలబడ్డావేటి?"

ఎల్లాజీ బుజ్జిని భుజాన వేసుకుని ఎనిమిదింటికి బస్సెక్కాడు. మలేరియా అని తేలింది. మాత్రలతో వారానికి పిల్ల లేచి కూర్చుంది. అతను అసిరమ్మకి క్షమాపణ చెప్పలేదు. పదో వాటా దొడ్లో మాత్రం ఒక బల్బు వేలాడదీసి వెళ్లాడు.

పచ్చడి మళ్లీ ఎవరూ కొనలేదు. ఆ జాడీలోది ఆదిలక్ష్మమ్మ ఒక్కతే, కొంచెం కొంచెంగా, దీపావళి దాకా తింది.

మరుసటి గురువారం అసిరమ్మ బస్సు దిగి తిన్నగా ఆదిలక్ష్మమ్మ గుమ్మం దగ్గర ఆగింది. లోపల సీరియల్ నడుస్తోంది. మేడలో వాళ్లంతా కలిసి పెద్దత్తని గేటు బయటికి నెడుతున్నారు.

"మరింతకీ ఎందుకు సేసిందంటావప్పా?" అని అడిగింది పోతమ్మ.

ఆదిలక్ష్మమ్మ ఫాల్ కుడుతున్న సూది ఆపింది.

"ఆ యమ్మని ఎవరైనా అడిగారేటి?" అంది అసిరమ్మ గుమ్మంలోంచి.

"టీవీలోకెల్లి ఎవరడుగుతారే తల్లీ, నువ్వెల్లు!" అని పోతమ్మ పగలబడి నవ్వింది.

ఆదిలక్ష్మమ్మ ఒళ్లో చీర దగ్గరికి లాక్కుని చాప మీద పక్కకి జరిగింది.

"నోపలికి రా, అసిరీ. గడప కాడ నిలబడితే బొమ్మ సరిగ్గా కనబడదు."