ఎర్రమట్టి అలికిన గోడ

మా లోయలోని గిరిజన మ్యూజియంలో నేను టిక్కెట్లు చింపే రోజుల్లో అక్కడ ఊడ్చే ముసలామె ఒకతె ఉండేది. కొండల్లో ముంచింగిపుట్టు వైపు మనిషి. ఎవరేమన్నా తల ఊపేదే తప్ప మాట్లాడేది కాదు. కొత్త హాలు గోడ మీద వరసకట్టి థింసా నాట్యం ఆడే ఆడవాళ్ళను బియ్యప్పిండితో నెలరోజులు గీసింది. హాలు అలంకరణ పని ఒప్పుకున్న పట్నం ఆర్టిస్టు దాని కింద తన పేరు రాసుకున్నాడు. అప్పుడూ తల ఊపింది.

ప్రారంభోత్సవం రోజు ఆయన అతిథులకు ఆ బొమ్మ చూపిస్తూ, "నెల పట్టింది నాకు" అన్నాడు. ఆమె బకెట్ తెచ్చి గోడంతా ఎర్రమట్టి అలికేసింది. ఆపబోయిన నా చెయ్యి విదిలించుకుంది.

"నువ్వే గీసినావు కదా బాబూ! మల్లీ గియ్యి, సూత్తాం" అంటూ పిండిగిన్నె, వెదురుపుల్ల ఆయన చేతిలో పెట్టింది.

మట్టి ఆరేదాకా అతిథులెవరూ కదల్లేదు. ఆయన ఆ ఆడవాళ్ళ పాదం ఒక్కటి కూడా గీయలేక కారెక్కాడు.

"ఇంక నువ్వు గియ్యవా?" అని ఆమెను అడిగాను.

"గియ్యను. గోడ ఇలాగే ఉండనీ. ఆడి సిగ్గు వచ్చినోళ్ళందరూ సూడాల" అంది.