మొసలి వారు ఇటు దిగవలెను

చదువు రానన్నాళ్లూ నా వల్ల ఒక్క ప్రాణికీ ప్రమాదం జరగలేదు. చదువు వచ్చిన ఏడాదే ఒక పడవరేవు జనాన్నంతా చెట్లెక్కించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా మతి పోతే నా ఖర్మ. నేను చదివితే చుట్టుపక్కల వాళ్ల మతులు కూడా పోయాయి.

మాది మూసీ ఒడ్డున పురానాపూల్ దగ్గర పాల వ్యాపారం. పెళ్లయిన నాటి నుంచి బర్రెలతోనే సరిపోయింది, బడి మొహం చూసింది లేదు. మా కోడలు రజిత వచ్చాక, మధ్యాహ్నం పాలు పిండే వేళ దాకా దొరికే ఖాళీలో నన్ను కూర్చోబెట్టి అఆలు దిద్దించింది. 'మ' అక్షరం దగ్గర మాత్రం బాగా సతాయించాను. "అత్తమ్మా, కొమ్మిస్తే ము. గా కొమ్ము ఉండంగనే నెత్తిమీద ఎత్వం గూడ వెడితే మొ. నెత్తి సూడు ముందు," అని ఎన్నిసార్లు చెప్పిందో. మొత్తానికి వచ్చింది. ఇక కొత్తగా కొమ్ములొచ్చిన దూడ కనబడ్డ గోడనల్లా పొడిచినట్టు, నేను కనబడ్డ బోర్డునల్లా పైకి చదవడం మొదలుపెట్టాను.

అలాంటి సమయంలో మా అబ్బాయి శ్రీకాంత్ అందరినీ సముద్రం పక్కన ఒక చిన్న ఊరికి తీసుకెళ్తానన్నాడు. అక్కడ మడ అడవి ఉందట, పడవలో తిప్పుతారట, ఎర్ర పీతలు, కొంగలు, ఇంకేవేవో జంతువులు కనబడతాయట. ఆ "ఇంకేవేవో" దగ్గరే నా గుండె జారింది. గట్టి వానలు పడ్డప్పుడల్లా మూసీలో మొసలి కనబడిందని మా వైపు ఒక పుకారు లేస్తుంది. నేను ఇంతవరకు దాని తోక కూడా చూడలేదు. కానీ కలలో మాత్రం అది చాలాసార్లు మా ఇంటికి పాలకు వచ్చింది.

"ఆడ మొసళ్లు ఉంటయారా?" అని అడిగాను.

"ఏం లేవమ్మా, ఫికర్ చెయ్యకు," అన్నాడు వాడు. ఆ నది పక్కనే కిషన్‌బాగ్‌లో ఉండే మా చెల్లెలు కూడా మూసీ గురించి అలాగే అంటుంది. అంటూనే సాయంత్రం కాగానే తలుపు గడియ పెట్టుకుంటుంది.

వెళ్లాము. ఆ ఊళ్లో నన్ను ముందుగా ఆశ్చర్యపరిచింది సముద్రం కాదు, మర్యాద. మా గల్లీలో దేవుణ్ణి కూడా నువ్వు అనే పిలుస్తాం. అక్కడ హోటల్లో కుర్రవాడు ఇడ్లీ తెచ్చినా "ఆయ్, ఇడ్లీ వచ్చారండి" అంటాడేమోనన్నట్టు ఉంది వరస. గారు లేకుండా గాలి కూడా వీచడం లేదు. ఈ మర్యాద సంగతి గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

పడవ మడ అడవిలోకి వెళ్లింది. బురదలోంచి వేర్లు వేళ్లలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. చేపలు నీళ్లు వదిలి బురద మీద గెంతుతున్నాయి. చేపలే నడిచే చోట మిగతా జంతువులు ఏమేం చేస్తాయో అని నేను మనవరాలు లాస్య చెయ్యి వదల్లేదు. "నానమ్మా, నా చెయ్యి ఇరుగుతది," అంటుంది అది.

అడవి మధ్యలో ఒక చెక్కల రేవు దగ్గర పడవ ఆగింది. రేవు నుంచి కాలిబాటలోకి దిగడానికి ఒకవైపు నిట్టనిలువు మెట్లు. జనమంతా అటు వెళ్లారు. రెండోవైపు నీళ్ల మీదుగా ఏటవాలుగా వేసిన చెక్క. మా ఇంటాయనకు మోకాళ్ల నొప్పులు. పడవ నడిపే ఆయన "తాతగారూ, మీరిటు రండి" అని ఆయన్ని ఆ చెక్క మీదికి ఎక్కించి, తాడు కట్టడానికి వెనక్కి వచ్చాడు.

అప్పుడు చూశాను, చెక్క మొదట్లో కొయ్యకు కొట్టిన బోర్డు. తెల్ల రంగుతో, చేత్తో రాసింది. రజిత చెప్పినట్టు ముందు నెత్తి చూశాను. ఎత్వం ఉంది. కింద కొమ్మూ ఉంది. మొ. స. లి. "మొసలి వారు ఇటు దిగవలెను."

వారు ఏమిటని మీకు అనుమానం రావచ్చు. నాకు రాలేదు. ఇడ్లీకే మర్యాద ఇచ్చే వాళ్లు మొసలికి ఇవ్వరా?

మొసళ్లు దిగే దారిలో మా ఆయన ఒక్కడే, నొప్పి కాలు ఈడ్చుకుంటూ, నడిమధ్యలో ఉన్నాడు. అంతలో ఆయన పక్కనే నీళ్లు కదిలాయి. నున్నగా, నల్లగా, మీసాలతో ఒక తల పైకి వచ్చింది.

ఇన్నేళ్లు ఆ మనిషితో కూరలో ఉప్పు దగ్గర నుంచి బర్రె దాణా దాకా పోట్లాడాను. ఇంకా పోట్లాడాల్సింది చాలా ఉంది. అదంతా మొసలి పాలు కావడమేనా? ఉన్న బలమంతా గొంతులోకి వచ్చింది.

"ఓ శ్రీకాంత్ బాపూ, మొసలొచ్చింది, ఉరుకు!"

మా ఆయన ఉరకలేదు. మిగతా లోకమంతా ఉరికింది. మెట్ల మీది వాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ వెనక్కి వచ్చారు. ఒక పెద్దమనిషి తన భార్యను కింద వదిలేసి మడచెట్టు కొమ్మకు గబ్బిలంలా వేలాడాడు. నేను దారిలో తినడానికి తెచ్చిన సకినాల డబ్బాను మొసలి మీదికి విసిరాను. అది సూటిగా వెళ్లి మా ఆయన వీపుకు తగిలి, తెరుచుకుని, నీళ్లలో పడింది.

ఆయన మెల్లగా తిరిగి, "నన్ను కాపాడుతున్నవా, కొడుతున్నవా?" అన్నాడు.

మీసాల తల తేలుతున్న సకినం దగ్గరికి వచ్చింది, వాసన చూసింది, నచ్చక మునిగిపోయింది.

పడవాయన పరుగున వచ్చాడు. "అది నీటికుక్కండి. చేపలు తింటాదండి. ఇక్కడ మొసలెక్కడిదండి అమ్మగారూ?"

"నన్నడుగుతవేంది? నీ బోర్డు మీదనే రాసుంది. సదువు," అన్నాను. చదువుకున్నదాన్ని కదా, పట్టు వదల్లేదు.

అందరూ బోర్డు చుట్టూ చేరారు. చెట్టు మీది పెద్దమనిషి కూడా దిగి వచ్చాడు. లాస్య బోర్డు దగ్గరగా మొహం పెట్టి చూసి, ముక్కు మూసుకుంది. పడవాయన భుజం మీది తువ్వాలు తీసి 'మొ' నెత్తి తుడిచాడు. నా ఎత్వం కాస్తా తువ్వాలుకు అంటుకుని వచ్చేసింది. కింద 'ము' మిగిలింది. కొయ్య మీద కూర్చున్న తెల్ల కొంగ, రాయాల్సింది రాసేశానన్నట్టు, లేచి వెళ్లిపోయింది.

"ముసలి వారు ఇటు దిగవలెను," అని లాస్య అందరికీ వినబడేలా చదివింది.

రజిత మాత్రం నా పక్షానే నిలబడింది. "మా అత్తమ్మ తప్పు సదవలేదు. కొంగనే తప్పు రాసింది," అంది. అలాంటి కోడలు ఎవరికి దొరుకుతుంది?

అక్కడితో అయిపోతే బాగుండేది. పడవాయన ఎంతో మర్యాదగా చెయ్యి చాపి, "మీరూ ఇటే దిగండి అమ్మగారూ," అన్నాడు.

మా ఆయన చెక్క చివర నిలబడి వీపు రుద్దుకుంటూ పిలిచాడు. "రా రా, మొసలి వారూ. బోర్డు నీ కోసమే పెట్టిండ్రు."

నేను వెళ్లలేదు. నిట్టనిలువు మెట్ల మీదుగానే దిగి, మోకాలి దాకా బురదలో కూరుకుపోయాను. నన్ను లాగడానికి ఆ కొమ్మకు వేలాడిన పెద్దమనిషే రావాల్సి వచ్చింది.

ఆ బురదలో నిలబడే, నీళ్ల పాలైన సకినాల మీద ఒట్టు పెట్టుకున్నాను. పక్షులు వాలే చోట ఉన్న బోర్డును ఈ జన్మలో పైకి చదవను. మనసులో చదువుకునేటప్పుడు మాత్రం, నా వైపు చూపించే 'ముసలి' ఎక్కడ కనబడినా, దాని నెత్తిన ఎత్వం నేనే పెట్టుకుని చదువుతాను. మొసలినైతే కనీసం జనం భయపడతారు.