నూటపద్నాలుగు గ్రహాల గుమాస్తా

బందరులో శివరామకృష్ణ అంటే ఎవరికీ తెలియదు. "రికార్డు సెక్షన్లో కిటికీ పక్కన కూర్చుంటాడే, ఏదడిగినా సూపరింటెండెంటు గారినడగాలంటాడే, ఆయన" అంటే అప్పుడు తెలుస్తుంది. తాత గుమాస్తా, తండ్రి గుమాస్తా, ఈయన జూనియర్ అసిస్టెంటు. పేరు మారింది గానీ కుర్చీ మారలేదు. నలభైమూడేళ్ళొచ్చినా ఏ కూర తేవాలో భార్య సాయిసుధని అడుగుతాడు. ఆమె "మీ ఇష్టం" అందా, సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోతాడు.

అలాంటి మనిషి చేతిలో నూటపద్నాలుగు గ్రహాలున్నాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

అదొక ఆట. ఆదివారం మధ్యాహ్నం ఆయన మేడమీద గదిలో ముగ్గురు స్నేహితులు చేరతారు. గుడివాడలో ఫిజిక్సు చెప్పే శ్రీరామ్, కృత్తివెన్నులో రొయ్యల మందుల కొట్టు పెట్టుకున్న బాబ్జీ, ఇక్కడే ఫ్లెక్సీలు వేసే ఇస్సాకు. గడ్డాలు నెరిసిన మగాళ్ళు. బల్ల చుట్టూ కూర్చుని, తాము ఓడేసుకుని చుక్కల మధ్య తిరిగే వర్తకులమనుకుంటారు. శ్రీరామ్ కప్తాను, ఇస్సాకు మరమ్మతులవాడు, బాబ్జీ తుపాకీ పట్టినవాడు. వాళ్ళు దిగిన చోట గాలెలా ఉందో, జనం ఏం తింటారో, ఎవరు ఏలుతున్నారో కల్పించి చెప్పేది శివరామకృష్ణ. వాళ్ళు "మేమిలా చేస్తాం" అంటారు. ఈయన "అయితే ఇలా జరిగింది" అంటాడు. తేలని చోట పాచికలు వేస్తారు. పాచికలు ఎప్పుడూ ఈయన ముందే ఉంటాయి. ముగ్గురూ ఈయన్ని "మాస్టారూ" అంటారు. వారమంతా "ఏమయ్యా" అనిపించుకునే చెవులకి ఆ ఒక్క పిలుపే విందుభోజనం.

గాలీ నీళ్ళూ కల్పించడం ఈయనకి నల్లేరు మీద నడక. సర్కారు దగ్గరే బండి దిగబడేది. చక్రవర్తి ఏలాలా, సైన్యం ఏలాలా, పెద్ద కంపెనీ ఏలాలా, యంత్రం ఏలాలా అని పాచిక వేసి చూసుకుంటాడు. ఏది పడితేనేం, రాసేసరికి అది ఆయన ఆఫీసే అయి కూర్చుంటుంది. చక్రవర్తి కొలువులో టపా సెక్షను. యంత్రం ఏలే గ్రహంలో ఆ యంత్రం మీద ఇంకో పెద్ద యంత్రం, దాని ఆమోదం వచ్చేదాకా చిన్న యంత్రం కదలదు. మూడు తరాలుగా ఆ కుటుంబం చూసిన సర్కారు అదొక్కటే. ఇంకోటి ఉంటుందని ఆయనకి తోస్తేగా! చివరిసారి ఆ వర్తకుల ఓడ రేవులో ఆగి మూడు ఆదివారాలు కదల్లేదు. ఎందుకటా? సంతకం రాలేదట.

శ్రీరామ్‌కి చిర్రెత్తుకొచ్చింది. "కాలేజీలో సెలవు చీటీ కోసం తిరిగేది చాలక, ప్యాసింజరెక్కి వచ్చి ఇక్కడా తిరగాలా మాస్టారూ? వచ్చే ఆదివారం కొత్త గ్రహానికి వెళ్దాం. అక్కడా ఇదే గోలైతే పాచికలు నాకిచ్చెయ్యండి. నేను నడుపుతాను."

మిగతా ఇద్దరూ కాదనలేదు. శివరామకృష్ణ పాచికలు దగ్గరికి లాక్కున్నాడు. ఆ పాచికలు పోతే ఇక ఆయన వారానికి ఏడు రోజులూ "ఏమయ్యా"నే.

వారమంతా రాశాడు. శనివారం ఉదయం వరండాలో కాగితాలు పరుచుకుని కూర్చుంటే సూర్యకుమారి గంప దించింది. నాగాయలంక అవతల సముద్రపొడ్డు ఊరు ఆమెది. ఎండురొయ్యలు తెచ్చి బందరు వీధుల్లో అమ్ముతుంది, ఈ ఇంటి వరండాలో నడుం వాలుస్తుంది.

"ఏంటి బాబూ, ఈ వయసులో పరీక్షలా?"

"కాదు పిన్నీ," అంది సాయిసుధ మంచినీళ్ళిస్తూ. "గ్రహాలకి సర్కార్లు వేస్తున్నారు. మనింటిని మాత్రం నన్నే ఏలుకోమంటారు."

సూర్యకుమారి నవ్వలేదు. "నాకు చదువు రాదు గానీ, ఒకటి చదువు బాబూ, ఇంటాను."

చదివాడు. మహామండలి. దానికో అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, ఉపకార్యదర్శి, ఆ ఉపకార్యదర్శికి ఇద్దరు సహాయకులు.

"ఇంతమంది కూర్చున్నారు సరే. వల లాగేదెవడు?"

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. వల లాగేవాడు అందులో లేడు.

"మా ఊళ్ళో చేప గుడ్డు పెట్టే కాలంలో వేటకి పోకూడదని పెద్దల కట్టడి. ఓ ఏడు ఒకడు, ఎవరు చూడొచ్చారని సన్నకన్ను వలేసుకుని పోయాడు. పెద్దలు దురాయి వేశారు. అయిపోయింది."

"జైలా?"

"జైలెందుకూ? దురాయంటే ఊరంతా వాడితో మాట మానేసుద్ది. నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, పడవ తొయ్యడానికి చెయ్యివ్వరు. చంటిపిల్ల కూడా మొహం తిప్పుకుంటది. ఊరి మధ్యకొచ్చి పదిమందిలో తప్పయిందనేదాకా అంతే."

శివరామకృష్ణ కలం తీశాడు. "ముందు నోటీసు రాతమూలకంగా ఇస్తారా? అప్పీలుకి ఎన్నాళ్ళు గడువు?"

సూర్యకుమారి సాయిసుధ వైపు తిరిగింది. "ఈయనతో ఎట్టా వేగుతున్నావమ్మా? నోటీసిస్తే మాట్టాడినట్టేగా! మాట్టాడితే ఇంక దురాయేంటి?"

సాయిసుధ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మంచిదని చెప్పట్లేదు బాబూ," అంది సూర్యకుమారి గంప ఎత్తుకుంటూ. "మా అక్క మొగుడి మీద పగబట్టి వేశారు. తప్పు లేకపోయినా ఒప్పుకున్నాడు పాపం, బతకాలిగా. ఏలేవాడి చేతిలో కాయితం లేదంటే మంచోడని కాదు."

ఆమె వెళ్ళాక శివరామకృష్ణ మహామండలిని నాలుగు ముక్కలు చేశాడు. ఉపకార్యదర్శి సహాయకుల్ని చించేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం ఆగింది.

ఆదివారం ఓడ కొత్త గ్రహం మీద దిగింది. చుట్టూ సముద్రం, చిన్న చిన్న లంకలు. బయట గాలి పీల్చడానికి పనికిరాదు, దుకాణంలో డబ్బాల్లో పట్టించి వీపుకి తగిలించుకోవాలి. రేవు గోడ మీద నీలం చేప బొమ్మ, దాని మీద అడ్డంగా గీత.

"సర్కారెవరు?" అన్నాడు శ్రీరామ్.

"ఎవరూ కనబడలేదు."

"ఆఫీసే లేదా? బతికిపోయాం!" అని కప్తాను గారు నవ్వి, ఆ నీలం చేపల కోసమే వలేయించాడు. ఓడ నిండా పట్టుకొచ్చాడు.

"ఇక గాలి పట్టించుకుని బయల్దేరతాం. దుకాణానికి వెళ్తాను."

"వెళ్ళారు. దుకాణం మనిషి మొహం తిప్పుకున్నాడు."

"బాబ్జీ తుపాకీ చూపిస్తాడు."

"చూశాడు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. వీధిలో అన్ని తలుపులూ పడ్డాయి."

శ్రీరామ్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "సరే, ఇక్కడ అధికారి ఎవరు? అర్జీ ఎవరికి పెట్టుకోవాలి?"

ఇరవయ్యేళ్ళుగా రికార్డు సెక్షన్లో రోజుకి ముప్ఫైసార్లు ఆయన జవాబు చెప్పే ప్రశ్న అది. మూడు ప్రతుల్లో అర్జీ పెట్టుకోండన్న మాట పెదవిదాకా వచ్చింది. శివరామకృష్ణ నోరు గట్టిగా మూసుకుని, మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

"మాస్టారూ, మిమ్మల్నే."

పలుకు లేదు.

"ఒంట్లో బాగాలేదా ఏంటి ఈయనకి?" అన్నాడు ఇస్సాకు.

బాబ్జీ సముద్రపొడ్డు పుట్టుక. ఒక్క క్షణం చూసి బల్ల మీద చరిచాడు. "దురాయేశాడ్రోయ్! మన మీద దురాయి పడింది!" అని సంగతంతా విప్పి చెప్పాడు. "నువ్వు ఊరి మధ్య నిలబడి తప్పొప్పుకోవాలి బావా. వేరే దారి లేదు."

"లేని చేపలకి, లేని జనాన్ని, నేను క్షమాపణ అడగాలా? పదిహేనేళ్ళ సర్వీసున్న లెక్చరర్ని!"

"డబ్బాల్లో గాలి మూడు రోజులకే ఉంది," అన్నాడు ఇస్సాకు నెమ్మదిగా.

సాయిసుధ టీ తెచ్చింది. "మీకు పంచదార వెయ్యనా?" అంది. శివరామకృష్ణ ఆమెకీ పలకలేదు. ఆవిడ గ్లాసు అక్కడ పెట్టి, వింతగా చూస్తూ గుమ్మం దగ్గరే నిలబడింది. టీ మీద తెట్టు కట్టింది. మాట్లాడకుండా కూర్చోవడమొక విద్యా, ఆఫీసులో జీతమిచ్చి మరీ నేర్పారుగా ఈయనకి! కాకపోతే అక్కడ భయపడి మూసుకున్న నోరే ఇక్కడ ముగ్గురు మగాళ్ళకి చెమటలు పట్టించింది.

శ్రీరామ్ సంచీ భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్ళాడు. ఇక్కడా అదే గోలని వెళ్ళిపోతే, అన్న మాట ప్రకారం పాచికలు తనవే, గ్రహాలు తనవే. కానీ ఓడ అక్కడే ఉండిపోయింది, గాలి తరుగుతోంది. వెనక్కొచ్చి గది మధ్యలో నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పయింది," అన్నాడు. "నేనే వలేయించాను. ఒప్పుకుంటున్నాను."

శివరామకృష్ణ కిటికీ నుంచి మొహం తిప్పాడు. "వీధి చివర ఒక తలుపు తెరుచుకుంది. ముసలామె బయటికొచ్చి, ఎన్ని పట్టావు అని అడిగింది."

శ్రీరామ్ ఓడనిండా ఉన్న చేపల్ని దాచేశాడు. "రెండే."

నిజమో అబద్ధమో ఆ ముసలామె కనిపెడుతుందా లేదా? అలాంటివన్నీ పాచికలే చెప్పాలి. బాబ్జీ వాటిని మాస్టారి ముందుకి తోశాడు.

శివరామకృష్ణ వాటిని ముట్టుకోలేదు.

"ఆమె తలుపేసుకుంది," అన్నాడు.

శ్రీరామ్ సంచీ దించి కింద పెట్టి, తన తప్పు మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.