మూడోవంతు మిగిలిన ఆమ్లం

రాజమండ్రి కాలేజీలో నేను బి.ఏ. చదువుతున్నప్పటి సంగతి ఇది; ఆ రోజుల్లో సైన్సు చదివినా బి.ఏ.యే. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. తెలియక అన్యాయం చేసినవాణ్ణి పోనీలే అనుకోవచ్చు. మా రసాయనశాస్త్రం లెక్చరరుగారికి తెలుసు. ఆ పాఠం మాకు చెప్పింది ఆయనే.

మా తరగతిలో ఎక్కువమందిమి కోనసీమ అగ్రహారాల పిల్లలం. ప్రయోగశాలలో గంధకం ముట్టుకునేవాళ్ళం, చేతులు కాల్చే ఆమ్లాలు ముట్టుకునేవాళ్ళం. స్పిరిట్ సీసా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ మడి గుర్తుకొచ్చేది. అది సారాయి జాతిదట, ముట్టుకుంటే తలస్నానం చేస్తేగాని విస్తరి ముందు కూర్చోకూడదట. దీపంలో పోసి వెలిగిస్తే దోషం లేదు, కొలిస్తే దోషం! ఈ ధర్మశాస్త్రం ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. లెక్చరరుగారు కూడా ఆ సీసాకి బారెడు దూరంలో నిలబడేవారు.

అందుకని తరగతి మొత్తానికీ స్పిరిట్ కొలిచే పని ఒకే ఒకడి మీద పడింది. అతను నా బల్లమీద నా పక్కన పనిచేసేవాడు. కాకినాడ అవతల సముద్రపొడ్డు పల్లెవాడు, వాళ్ళింట్లో మగవాళ్ళంతా వేటకి వెళ్ళేవాళ్ళే. తల్లి చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్మి చదివించింది. వాళ్ళ పేటలో కాలేజీ గుమ్మం తొక్కినవాడు అతనొక్కడే. నన్ను "మీరు" అనేవాడు. నేను "నువ్వు" అనేవాణ్ణి. అదెందుకని మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

ఆ యేడు లెక్చరరుగారు మాకు సమతాస్థితి పాఠం, అంటే కలిసినవి పూర్తిగా ఖర్చవకుండా ఒక దగ్గర ఆగిపోయే సంగతి, చెప్పారు. చెప్పారనడం కన్నా వల్లె వేయించారనడం నిజం. అసిటిక్ ఆమ్లమూ స్పిరిటూ కలిస్తే పండు వాసన వేసే ఎస్టరూ, నీళ్ళూ పుడతాయి. పుట్టిన రెంటినీ గుణించు, మిగిలిన రెంటినీ గుణించు, మొదటిదాన్ని రెండోదానితో భాగించు. వచ్చేది నాలుగు, అదే స్థిరాంకం. వేదపనస చెప్పినట్టు అందరం గొంతెత్తి చెప్పాం. ఒక్కడికీ దాని అర్థం అక్కర్లేకపోయింది.

తరవాత ప్రయోగం. అణువుల లెక్కన ఒక పాలు ఆమ్లానికి ఒక పాలు స్పిరిట్. ఆమ్లం మేం పోశాం, స్పిరిట్ అతను పోశాడు. గాజుగొట్టాల మూతులు కరిగించి మూసి, వేడినీళ్ళ తొట్టిలో రోజుల తరబడి ఉంచాం. పగలగొట్టి, క్షారం చుక్కచుక్కగా పోసి చూస్తే ప్రతి గొట్టంలోనూ ఆమ్లం మూడోవంతు అలాగే ఉంది.

లెక్చరరుగారి ముఖం ఎర్రబడింది. సరిసమానంగా పోస్తే ఆమ్లమంతా ఖర్చయిపోవాలని ఆయన ఉద్దేశం. ఆమ్లం మిగిలిందంటే స్పిరిట్ తగ్గిందన్నమాట. స్పిరిట్ తగ్గిందంటే ఎవరి కడుపులోకి వెళ్ళిందో వేరే చెప్పాలా?

"అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ ఏవైనట్టు?" అన్నారు అతని వైపు చూస్తూ. రొయ్యల మాటకి తరగతంతా గొల్లుమంది.

"నేను సరిగ్గానే పోశానండి" అన్నాడతను.

"పోశావురా, గొంతులో! మూడోవంతు తాగి నీళ్ళు కలిపావు."

బంట్రోతుని పిలిచి అతని నోరు వాసన చూడమన్నారు. స్పిరిట్ పోసి ఎన్నాళ్ళయిందో ఆయనకి తోచలేదు. బంట్రోతు పాపం సిగ్గుపడుతూనే ముఖం దగ్గరికి వెళ్ళి, ఏమీ లేదండీ అన్నాడు. వీళ్ళకి అలవాటు, వాసన రాదులే అన్నారు లెక్చరరుగారు. వాసన వస్తే తాగినట్టు, రాకపోతే అలవాటైనట్టు! తరగతి అవగానే ప్రిన్సిపాలు దొరగారితో చెప్పి పేరు కొట్టేయిస్తానని, అతణ్ణి వరండాలో నిలబెట్టారు. తాగాడని పేరు కొట్టేస్తే ఇంకే కాలేజీలోనూ చేర్చుకోరు. వలల దగ్గరికి వెళ్ళిపోవలసిందే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గబగబా లెక్క కట్టుకుని వరండాలోకి పరుగెత్తాను.

"మూడోవంతు మిగలడమే సరైన లెక్క. లోపలికి రా, బోర్డు మీద వేసి చూపించు" అన్నాను.

"నేనెందుకెయ్యాలండీ?" అన్నాడు. "తాగలేదని నోటితో చెప్పాను. అది సరిపోలేదు. అంకెల్తో చెబితే సరిపోద్దా?"

"నీ పేరు కొట్టేస్తారయ్యా!"

"కొట్టెయ్యమనండి."

అతని మీద కూడా కోపం వచ్చింది నాకు. అతను అన్నది న్యాయమేనని తెలిసి ఇంకా కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి, అడగకుండానే సుద్దముక్క తీసుకున్నాను.

"గొట్టం ఒకటే కనక పాళ్ళనే గాఢతలుగా తీసుకుంటానండి" అని మొదలుపెట్టాను. "మూడింట రెండు వంతులు కలిశాయనుకుందాం. ఎస్టరు మూడింట రెండు, నీళ్ళు మూడింట రెండు. గుణిస్తే తొమ్మిదింట నాలుగు. మిగిలిన ఆమ్లం మూడింట ఒకటి, స్పిరిట్ మూడింట ఒకటి. గుణిస్తే తొమ్మిదింట ఒకటి. భాగిస్తే ఎంతండీ?"

వెనక బల్లనుంచి ఎవరో పనస అందుకున్నట్టు "నాలుగు" అన్నారు.

"ఇప్పుడు తమరన్నట్టు మూడోవంతు స్పిరిట్ తాగేశాడనుకుందాం. అప్పుడు కూడా నాలుగే రావాలి కదా." ఆ సమీకరణం కూడా విప్పి చూపించాను. "ఆమ్లం నూటికి నలభై ఎనిమిది పాళ్ళు మిగలాలి. తాగినంతా నీళ్ళు కలిపి ఉంటే సగం దాటిపోవాలి. మన గొట్టాల్లో మిగిలింది ముప్పైమూడో ముప్పైనాలుగో. చుక్క తగ్గినా ఈ అంకె రాదండి. మీరు సాక్ష్యం అనుకున్న ఆమ్లమే అతను తాగలేదని చెబుతోంది."

లెక్చరరుగారు బోర్డు దగ్గరికి వచ్చారు. గుణకారాలు మళ్ళీ వేసుకున్నారు. తప్పు దొరకలేదు.

"భేష్!" అన్నారు నాతో. ఆ భేష్ ఆయన ముఖాన కొట్టాలనిపించింది. నన్నెవడు మెచ్చుకోమన్నాడు? తరవాత అతణ్ణి లోపలికి పిలిచి, "లెక్క ప్రకారం నువ్వు తాగలేదురా. వెళ్ళి కూర్చో" అన్నారు. పొరపాటయిందని అనలేదు. రొయ్యల మాట వెనక్కి తీసుకోలేదు. నవ్విన నలభై నోళ్ళలో ఒక్కటీ పెగల్లేదు. అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మళ్ళీ ప్రయోగం రోజు వచ్చింది. ఈసారి రెండు పాళ్ళ స్పిరిట్ పోసి చూడాలి. ఏమీ జరగనట్టే లెక్చరరుగారు సీసా వైపు వేలు చూపించి "ఊఁ, కొలవరా" అన్నారు.

అతను లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"ఇయ్యాల తవరు కొలవండి. గొట్టంలో ఆమ్లం మిగిలితే తవరు తాగలేదని లెక్క నేనేత్తాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన మా అందరి ముఖాలూ వరసగా చూశారు. మడికట్టుకున్న మావాళ్ళలో ఒక్కడూ కదల్లేదు. నన్ను చూసినప్పుడు నేనూ చేతులు కట్టుకునే నిలబడ్డాను. ఆ రోజు స్పిరిట్ లెక్చరరుగారే కొలిచారు.