అన్న ఎత్తని బంతి

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేసి, మా వాలీబాల్ క్లబ్బు హాలు గోడ మీద మా పెద్దమ్మ కొడుకు ఫోటో పెట్టాలా వద్దా అన్నదానికి సాయంత్రం మీటింగు ఉందని, "మామయ్యా, మీరు రాకపోతే పని అవదు, తప్పకుండా రావాలి, పక్కా ఆనా హై" అని చెప్పినప్పుడు నేను పళ్ళసెట్టు కడుక్కుంటున్నాను. ఆ కబురు వినేసరికి నాకన్నా ముందు నా చేతిలోని సెట్టే నవ్వినట్టనిపించింది.

భిలాయి సెక్టర్ ఆరులో వాలీబాల్ అంటే ఏమిటో మన ఈడువాళ్ళకి నేను చెప్పనక్కరలేదు. షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోవడం మానేసి, హ్యాండిళ్ళకి టిఫిను డబ్బాలు వేలాడుతుండగా సైకిళ్ళు పట్టుకునే కోర్టు చుట్టూ నిలబడిపోయేవారు. మా జట్టులో నేను బంతిని కొట్టేవాణ్ణి, మా పెద్దమ్మ కొడుకు, అంటే వరసకి నాకు అన్న, లిఫ్టరు. వల దగ్గర నిలబడి, వచ్చిన బంతిని వేళ్ళతో పైకెత్తి, కొట్టేవాడికి అందించడం లిఫ్టరు పని. కొట్టినవాడికి చప్పట్లు పడతాయి గానీ, ఎవడు కొట్టాలో తేల్చేది లిఫ్టరే. అన్న వేళ్ళలో బంతి పిచ్చుకలా వాలి లేచేది. పగవాడిదైనా పనితనం పనితనమే.

ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. ఇక ఉక్కు ప్లాంటు గేటు లోపలికి నన్ను తీసుకెళ్ళగలిగేది ఆ బంతి ఒక్కటే, ఎందుకంటే ఆ రోజుల్లో బాగా ఆడేవాళ్ళని చూసి ఉద్యోగాల్లోకి తీసుకునేవారు. అలాగే ఓ సాయంత్రం ప్లాంటు పెద్దలు వచ్చి కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు, మా జట్టులోంచి ఒక్కణ్ణి తీసుకుంటారన్న మాట అప్పటికే సెక్టరంతా పాకింది, మా నాన్న షిఫ్టు మార్చుకుని మరీ వచ్చి సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఆట మొదలైంది. నేను ఎగిరి చెయ్యెత్తాను. అన్న నా కళ్ళలోకి చూశాడు, చూసి, బంతిని తల మీదుగా వెనక్కి, అవతలి మూలనున్నవాడికి ఎత్తాడు. మళ్ళీ ఎగిరాను, మళ్ళీ అంతే. ఆట ముగిసేదాకా వానాకాలం కప్పలా ఎగురుతూనే ఉన్నాను, అప్పటికే నాకు జోకరుగాడని పేరుండటం వల్ల, కావాలని నవ్విస్తున్నాననుకుని జనం కడుపుబ్బ నవ్వారు. మా నాన్న మాత్రం నవ్వలేదు. పెద్దలు లిఫ్టరు వేళ్ళు మెచ్చుకుని, అతన్నే తీసుకున్నారు.

ఆ రాత్రి అన్న మా ఇంటికే భోజనానికి వచ్చి, మా అమ్మ ముందు, "నువ్వు నాకు అగుపడ్నేదురా తమ్ముడూ" అన్నాడు. తాటిచెట్టంత మనిషిని, పైగా ఎర్ర బనియనులో ఉన్నాను. మా అమ్మ కూర అతనికే ముందు వడ్డించింది.

తరవాత నేను సైకిళ్ళ షాపు పెట్టుకుంటే, అన్న డ్యూటీకి పోతూ నా దగ్గరే గాలి కొట్టించుకునేవాడు. ఆ గాలిలో నేనెంత శాపం కలిపానో ఆ ట్యూబుకే తెలియాలి. పాపిష్ఠి ట్యూబు, ఒక్కసారీ పేలలేదు.

ఇక మా క్లబ్బు ఆచారం చెప్పాలి. క్లబ్బు మొదలెట్టిన మా పెద్దలు కోస్తా నుంచి వచ్చిన ప్రార్థనపరులు, కూడికలో లేచి సాక్ష్యం చెప్పడం అలవాటున్నవాళ్ళు కాబట్టి గోడకీ అదే నియమం పెట్టారు. ఎవరి ఫోటో ఎక్కాలన్నా, అదే జట్టులో ఆడినవాడు ఒకడు లేచి "ఇతను తగినవాడు" అనాలి. సాక్ష్యం లేనిదే మేకు లేదు. మా జట్టులో కొందరు దేవుడి దగ్గరికి, కొందరు విజయనగరం పోగా, భిలాయిలో అన్న కాక నేనొక్కణ్ణే మిగిలాను.

ఆదివారం సాయంత్రం హాల్లో పెద్ద వాదనే జరిగింది. "ఒక్క పాయింటూ కొట్టనోడికి గోడేటి?" అని ఒకరంటే, "అరే భయ్యా, అతనెత్తకపోతే కొట్టినోడు ఏటి కొడతాడు, దోమల్నా?" అని ఇంకొకరు లేచారు. అన్న ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు, వాళ్ళబ్బాయి అప్పటికే గోడకి మేకు కొట్టించేశాడు. చివరికి అందరూ నావైపు తిరిగారు. నేను లేచాను. ఆ వేళ్ళ గురించి, ఆ పిచ్చుక గురించి, బంతి గాలిలో ఆగినట్టుండే ఆ క్షణం గురించి చెబుతుంటే హాల్లో వాళ్ళు చేతుల్లోని చాయ్ మర్చిపోయారు, అన్న మెడ నిక్కి నా నోటికేసి చూస్తున్నాడు, కళ్ళలో తడి కూడా వచ్చింది. అక్కడిదాకా ఎత్తి, కూర్చున్నాను.

"మామయ్యా, సాక్ష్యం?" అన్నాడు మేనల్లుడు.

"చాయ్ చల్లారిపోతంది, తాగండ్రా" అన్నాను. జనం నవ్వారు. ఈసారి నవ్వించింది నేనే.

బయట మెట్ల దగ్గర అన్న నా మోచెయ్యి పట్టుకుని, "ఏట్రా, ఒక్క మాటే కదరా. నీ ఎదురుగానే కూసున్నాను కదా" అన్నాడు. అతని కళ్ళలోకి చూశాను, ఆనాడు అతను చూసినట్టే.

"నువ్వు నాకు అగుపడ్నేదన్నా."

అతనికి అర్థమైంది. చెయ్యి వదిలేశాడు. నేను బాధపడలేదు, ఇప్పటికీ పడటం లేదు, ఆ రాత్రి పప్పు కూడా రుచిగానే ఉంది.

కాకపోతే నడిచి వస్తూ కోర్టు వైపు చూశాను. వల కట్టే స్తంభం ఒకటి మిగిలింది, దానికి ఎవరో స్కూటరు గొలుసు కట్టారు, చుట్టూ నిలబడే సైకిళ్ళు లేవు, ఆనాడు నవ్విన జనంలో ఒక్కరూ లేరు. ఎర్ర బనియనులో నేనెంత ఎత్తు ఎగిరానో ఇప్పుడీ ఊళ్ళో చూసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఇక వాడు నాతో మాట్లాడడు.