సుగుణ అడిగిన రిజిస్టరు పేజీ

మండవల్లి దాటాక కొల్లేటి అంచున చేపల చెరువుల మధ్య ఉన్న ఊరది. సుగుణ అక్కడ బ్రాంచి పోస్టుమాస్టరు. మెయిల్ ఓవర్సీరుగా ఆమె ఆఫీసును ఎనిమిదేళ్లు తనిఖీ చేశాను. ఒక్క కొట్టివేత లేకుండా రిజిస్టర్లు రాసేది. గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అలాంటి మనిషి ఢిల్లీకి ప్రశ్న పంపిందంటే ఊరంతా ఎందుకు ఆశ్చర్యపోయిందో నాకు తెలుసు.

ఆమె తమ్ముడు అజయ్ సైన్యంలో చేరి ఉత్తరాన సరిహద్దు క్యాంపులో ఉండేవాడు. ఒక జనవరి తెల్లవారుజామున, మంచులో, ఆ క్యాంపు మీద దాడి జరిగింది. తొమ్మిది మంది పోయారు. వారిలో అజయ్ ఒకడు. జెండా కప్పిన పెట్టె ఊళ్లోకి వచ్చిన రోజు చెరువుల మీద కూలీలు కూడా పని మానేసి గట్ల మీద నిలబడ్డారు.

ఎలాంటి ముందస్తు సూచనా లేకుండా జరిగిన దాడి అని ప్రభుత్వం ప్రకటించింది. రెండు నెలల తరవాత విచారణ సారాంశం పేపర్లలో వచ్చింది. ఉత్తరం వైపు కాపలాలో అప్రమత్తత లోపించిందని అందులో ఒక వాక్యం ఉంది. పేరు లేదు. కానీ ఆ వైపు కాపలా అజయ్‌దేనని అప్పటికే అందరికీ తెలుసు. కుళాయి దగ్గర ఒకామె "నిద్రపోయాడంట కదా" అంది. ఆ మాట తల్లి దానమ్మ చెవిన పడింది. అప్పటి నుంచి ఆమె గుడికి వెళ్లడం మానేసింది. ఆదివారం చర్చి గంట మోగితే లేచి తలుపు వేసుకునేది.

సుగుణకు మాత్రం ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది. దాడికి ముందు ఆదివారం అజయ్ ఫోన్ చేశాడు.

"అక్కా, రెండు రోజులుగా కింద వాగులో లైట్లు కనబడుతున్నాయి. కాయితం రాసి ఇచ్చాను."

"ఎవరికిచ్చావు? నకలు ఉంచుకున్నావా?"

"ఇది పోస్టాఫీసు కాదక్కా," అని నవ్వాడు.

ఆ కాగితం ఇచ్చి ఉంటే ఎక్కడో ఒక రిజిస్టర్‌లో ఎక్కి ఉంటుందని సుగుణ నమ్మకం. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని ఆమెకు నేర్పింది అదే. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టింది. ఫలానా వారంలో ఉత్తరం వైపు కాపలా నుంచి వచ్చిన రిపోర్టు ఏ రిజిస్టర్‌లో, ఏ తేదీన నమోదైంది? అంతే అడిగింది.

సంగతి బయటికి పొక్కగానే ఊరి పెద్ద జోగారావు పోస్టాఫీసుకొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"అమ్మా సుగుణా, సైన్యాన్నే అనుమానిస్తే ఎలాగమ్మా? మన ఊరికి మాట రాదూ?"

"అనుమానం కాదండీ. మా తమ్ముడు కూడా సైన్యమే కదండీ."

ఆయన లేచి వెళ్లాడు.

ఆ తరవాత కెమెరా పట్టుకుని యూట్యూబ్ వాళ్లు ఇద్దరు వచ్చారు. దాడి పైవాళ్లే కావాలని జరగనిచ్చారని ఆమె నోటితో చెప్పించాలని చూశారు. "నాకు తెలియంది నేను చెప్పనండీ. నా ప్రశ్న కాయితం గురించే," అంది. వాళ్లు వెళ్లిపోయి, ఆమె భయపడిందని చెప్పుకున్నారు.

దేశభద్రత దృష్ట్యా ఇవ్వలేమని జవాబొచ్చింది. అప్పీలు చేసింది. అదీ కొట్టేశారు. రెండో అప్పీలు వేసింది. ఇలా మూడేళ్లు గడిచాయి. "పోనీలే అమ్మా, వదిలెయ్యి," అని నేను కూడా అన్నాను ఒకసారి. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ గొడవ గురించి జిల్లా పేపర్లో పడిన చిన్న వార్త చూసి తాడేపల్లిగూడెం నుంచి హేమంత్‌కుమార్ అనే అతను సుగుణ ఇంటికి వచ్చాడు. అదే క్యాంపులో గుమాస్తా పని చేసినవాడు. దాడిలో ఒక చెవి పోయింది. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏవండీ, అజయ్ ఇచ్చిన కాయితం నేనే ఎక్కించానండీ రిజిస్టర్‌లో. పైకి పంపాం. సర్వీసులో ఉండగా నోరెత్తలేకపోయాను."

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట అది. విన్నాక సుగుణకు కోపం రాలేదట. గడప మీద కూర్చుండిపోయిందట. లోపలి నుంచి దానమ్మ వచ్చి, ఆ వచ్చినతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టింది.

రెండో అప్పీలు మీద ఢిల్లీ సమాచార కమిషన్ విచారణ ఏలూరు కలెక్టరేటు నుంచి వీడియోలో జరిగింది. హేమంత్‌కుమార్ తను రాసిన సంగతి ప్రమాణం చేసి చెప్పాడు. మిగతా రహస్యాలన్నీ కప్పేసి ఆ ఒక్క పేజీ నకలు ఇవ్వమని కమిషనర్ ఆదేశించారు.

రెండు నెలలకు రిజిస్టర్డ్ పోస్టులో కవరు వచ్చింది, ఆమె ఆఫీసు సంచిలోనే. పుస్తకంలో ఎక్కించి, సంతకం పెట్టి, అప్పుడు విప్పింది. పేజీ నిండా నల్లటి పట్టీలు. మధ్యలో రెండే వరుసలు మిగిలాయి. దాడికి నాలుగు రోజుల ముందు తేదీ, అజయ్ పేరు, వాగులో వెలుతురు చూసినట్టు రిపోర్టు, పైకి పంపినట్టు గుర్తు.

ఇంటికి తీసుకెళ్లి తల్లికి తెలుగులో చెప్పింది. దానమ్మ మూడుసార్లు చదివించుకుంది.

"అయితే వాడు మెలకువగానే ఉన్నాడా?"

"అందరికంటే ముందు చూసింది వాడేనమ్మా."

దానమ్మ అప్పుడు ఏడ్చింది. పెట్టె వచ్చిన రోజు కూడా అంతలా ఏడవలేదని సుగుణ చెప్పింది నాకు. ఆ ఆదివారం తల్లీ కూతుళ్లు గుడికి వెళ్లారు. ప్రార్థన అయ్యాక దానమ్మ లేచి, కాగితం పైకెత్తి పట్టుకుని, తన కొడుకు నిద్రపోలేదని అందరి ముందూ చెప్పింది. కుళాయి దగ్గర మాటన్న మనిషి తల వంచుకుంది.

ప్రభుత్వ ప్రకటన మాత్రం ఇప్పటికీ మారలేదు. ఏ సూచనా లేదనే ఉంది. పైకి వెళ్లిన ఆ రిపోర్టు ఎవరి బల్ల మీద ఆగిందో తెలియదు. మొన్న కలిసినప్పుడు సుగుణ కొత్త దరఖాస్తు రాస్తోంది. అజయ్‌తో పాటు పోయిన మిగతా ఎనిమిది మంది పేర్లు కూడా ఈసారి అందులో రాసింది. "వాళ్ల అమ్మలకీ తెలియాలి కదండీ," అంది.